ఏది మొదటి భాగం?

ఆపరేషన్ థియేటరు బయట సినిమాల గురించి పోట్లాడుకునే మనుషులుంటారా అని మా అత్తగారు ఇప్పటికీ నలుగురిలో అంటూంటారు. ఉంటారు. మేమున్నాం. భయం వేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, నేను నోరు పెంచుతాను. నా తత్వం అంత.

అప్పటికి సెల్‌ఫోన్లు మా దాకా రాలేదు. నేను భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. తొలి కాన్పు కాబట్టి మా ఆవిడ రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది. ఆవిడది ఓ నెగటివ్ రక్తం. అది తొందరగా దొరకదని, ఎవరినైనా ముందే చూసి పెట్టుకోమని డాక్టరమ్మ గారు చెప్పారు. నాకు వెతికే పని లేకపోయింది. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటుది అదే గ్రూపు, వాడుండేదీ రాజమండ్రిలోనే. కబురు పెట్టగానే సెలవు పెట్టి పొద్దున్నే నర్సింగ్ హోముకి వచ్చి కూర్చున్నాడు. ఒక సీసా రక్తం సిద్ధంగా ఉంది, బహుశా మీ అవసరం రాదులెండి అన్నారు డాక్టరమ్మ గారు. భోజనాల వేళకి బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. మత్తు నడుం కిందకే ఇస్తారట, మనిషి మెలకువగానే ఉంటుందట.

పాత డాబా ఇంటినే నర్సింగ్ హోము చేశారు. థియేటరు తలుపు పల్చటి చెక్కది. దాని ఎదురుగా బెంచీ మీద మా అత్తగారు కళ్ళు మూసుకుని కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంటున్నారు. నేను కూర్చోలేను, నిలబడలేను. నా అవస్థ చూడలేక మా వాడు కాలేజీ నాటి తగువు తవ్వి తీశాడు.

మేం చదువుకునే రోజుల్లో ఒక ఇంగ్లీషు సినిమా తెలుగులోకి డబ్ అయి వచ్చింది. అంతరిక్షంలో పోయే ఓడ, దాని నీళ్ళ ట్యాంకుల్లో దాక్కున్న ఒక జీవి. అది ఎవర్ని చంపితే వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది. మొత్తం మూడు భాగాలు. మనవాళ్ళు ఏం చేశారంటే, రెండో భాగాన్ని ముందు విడుదల చేశారు. అందులో సైనికులు, తుపాకులు, జీవుల గుంపు ఉన్నాయి, బాగా ఆడింది. ఆ ఊపులో అసలు మొదటి భాగాన్ని తర్వాత తెచ్చి, పోస్టరు మీద రెండో భాగం అని పెద్దక్షరాలతో వేశారు. మా జిల్లాల్లో చాలామంది ఇప్పటికీ అదే లెక్కలో ఉన్నారు. మా వాడు వాళ్ళకి నాయకుడు.

“గుంపుని చూపించినోడు తర్వాత ఒక్కదాన్నే చూపిస్తాడేంట్రా? చేతిలో డబ్బులైపోయి చుట్టేశాడు. నీళ్ళు కారే చప్పుడు తప్ప ఏముందందులో?” అన్నాడు.

“భయమంతా ఆ చప్పుడులోనే ఉందిరా. జీవిని చూపించేస్తే ఇంకేం మిగుల్తుంది? అయినా అది మొదటి భాగంరా బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“పోస్టరు నా కళ్ళతో చూశాను.”

“పోస్టరు వేసినోడు సినిమా చూడలేదు. సైనికుల దాంట్లో హీరోయిన్ చెయ్యి మొదట్నుంచీ కాలి ఉంటుంది. ఆ చెయ్యి కాలింది ఎందులో?”

“మేకప్పోడు పొరపాటు చేసుంటాడు.”

ఇంకొకప్పుడైతే నవ్వేసేవాణ్ణి. అప్పుడే తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. పక్క గదిలోంచి ఏదో ట్రే పట్టుకుని, మా మొహాలు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నా నోరు ఇంకా పెరిగింది. బుర్ర ఉన్నవాడెవడైనా ఒంటి మీద మచ్చ ముందు పెట్టి దెబ్బ తర్వాత తగిలిస్తాడా అని అరిచాను.

“అల్లుడు గారూ, కాస్త నెమ్మదిగా అండి. లోపల అమ్మాయుంది” అన్నారు అత్తగారు.

ఆవిడ మాటా వినలేదు. మూడో భాగం మా ఇద్దరికీ పడదు. ముసలిదైపోయిన హీరోయిన్ ఆ జీవిని చంపకుండా వదిలేస్తుంది, అది చచ్చిపోయిన తన మొగుడి గొంతుతో మాట్లాడుతుందని. అది బాగుందనేది మా ఆవిడొక్కతే. వాడు ఆ మాట ఎత్తబోయి టక్కున ఆగిపోయాడు. నేనూ బిగుసుకుపోయాను. పోయిన మనిషి గొంతు గురించి ఆ తలుపు ముందు ఎలా మాట్లాడతాం? ఇద్దరం గబగబా మళ్ళీ రెండో భాగం మీద పడ్డాం.

“ఇంగ్లీషు క్యాసెట్ అట్ట మీద వేసుంటుంది కదా. తెచ్చి నీ మొహాన కొడతాను” అని వాడు లేచాడు.

“తే. తెచ్చి చూపించు” అన్నాను.

వాడలా వెళ్ళిన కాసేపటికి లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అత్తగారు లేచి తలుపుకి దణ్ణం పెట్టారు. నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. ఆ మొహంలో నవ్వు లేదు. ఆమె వెనకే డాక్టరమ్మ గారి గొంతు వినిపించింది.

“రక్తం ఆగట్లేదు. ఉన్న సీసా ఎక్కించేశాం. మీ ఫ్రెండుని పిలవండి. వెంటనే.”

బెంచీ మీద వాడి చేతిరుమాలుంది, వాడు లేడు.

వీధి చివర వీడియో షాపుకి పరిగెత్తాను. ఆ క్యాసెట్ తన దగ్గర లేదని, మా వాణ్ణి మెయిన్ రోడ్డు షాపుకి పంపించానని చెప్పాడాయన. మళ్ళీ పరుగు. సైకిళ్ళు, రిక్షాలు అన్నీ నాకే అడ్డంపడుతున్నాయనిపించింది. ఎప్పుడూ ఏ దేవుణ్ణీ ఏమీ అడగని వాణ్ణి, దారి పొడుగునా మా అత్తగారి స్వామినే పిలిచాను.

రెండో షాపులో మా వాడు టీవీ ముందు నిలబడి ఉన్నాడు. తెర మీద హీరోయిన్ చెయ్యి మంటల్లో ఉంది.

“నువ్వే రైటురా. ఇదే మొదటిది” అన్నాడు నన్ను చూసి.

“రక్తం” అన్నాను.

వాడు చెప్పులు కూడా వేసుకోలేదు. బయట ఎవరిదో మోపెడ్ ఉంటే దాన్నే అడిగి తీసుకుని వచ్చాం. వాడు లోపలికి వెళ్ళాడు. నేను బయట గోడకి ఆనుకుని నిలబడ్డాను. అత్తగారు మొక్కడం కూడా మానేశారు. లోపల ఇనప సామాను పెట్టే చప్పుడు, తీసే చప్పుడు తప్ప ఆ వరండాలో ఏమీ లేదు. అంత భయం నేను జన్మలో పడలేదు.

గండం గడిచిందని డాక్టరమ్మ గారు చెప్పేసరికి ఎండ తగ్గింది. గదిలోకి వెళ్ళనిచ్చారు. మా ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. బిడ్డ అత్తగారి ఒళ్ళో ఉంది. మా వాడు మోచేతి దగ్గర దూది నొక్కుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. భయపడ్డావా అని మా ఆవిణ్ణి అడిగాను.

“ముందు లేదండి. మీరిద్దరూ అరుచుకోడం వినిపిస్తూనే ఉంది కదా, నాకేం కాదులే అనుకున్నాను. తర్వాత మీ మాటలు ఆగిపోయాయి.” ఊపిరి తీసుకుంది. “అప్పుడే తెలిసింది నాకేదో అవుతోందని. మీ మాట మళ్ళీ వినపడుతుందేమోనని చెవులు అటే పెట్టుకుని పడుకున్నానండి.”

నాకు ఏడుపొచ్చేసింది. అత్తగారు చూస్తున్నారని మొహం తిప్పుకున్నా లాభం లేకపోయింది.

“అన్నయ్య గారూ, ఏది మొదటిదో తేలిందాండి?” అంది వాడి వైపు చూస్తూ.

వాడు నా వైపు చూశాడు. “ఎక్కడమ్మా, మీ ఆయన ఒప్పుకుంటేగా” అన్నాడు.

“అయితే కానివ్వండి. కాస్త గట్టిగానే మాట్లాడండి” అని కళ్ళు మూసుకుంది.

నేను ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. వాడే అందుకున్నాడు. పోస్టరు మీద ఏమని రాసుందో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, గట్టిగా.