దారాలు తెంపిన ముప్పై డబ్బాలు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఇది ఫోన్‌లో రాస్తోంది.

మా ఊరు చిట్కుల్‌లో ఇరవై ఏళ్లుగా కంపెనీ కార్మికుల టిఫిన్ డబ్బాలు నింపి పంపుతున్నాను. పేర్లు చదవలేను కాబట్టి రొట్టె తినేవారి డబ్బాకు ఎర్ర దారం, గుడ్డు ముట్టనివారి డబ్బాకు తెల్ల దారం కడతాను. ఈ రోజు గుడ్డు కూర. కోడలు మంచి మనసుతోనే, మాసిపోయాయని దారాలన్నీ తెంపేసి డబ్బాలు తోమి పెట్టింది. వాటిని తీసుకెళ్లే ఆటో రావడానికి అరగంటే ఉంది.

కొడుకు యాదగిరి తల పట్టుకున్నాడు. "ఇగ ఈ పని బంద్ పెట్టు అమ్మా. అసలే బీపీ ఉన్నది, గీ టెన్షన్ నీకెందుకు?"

నేను డబ్బాలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. మూత వంగినది షుగర్ ఉన్న ఒడిశా ఆయనది, రొట్టె పెట్టాలి. పిడి ఊగేది వెల్డింగ్ శంకరయ్యది, గుడ్డు వద్దు. ఆటో హారన్ కొట్టేలోపు ముప్పై డబ్బాలూ సర్దేశాను. సాయంత్రం అన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి, ఒక్కరూ తప్పు పట్టలేదు.

"భయం కాలేదా అమ్మా?" అన్నాడు వాడు.

"ఎందుకు గాలే? గుండె దడదడ కొట్టుకున్నది. గట్ల కొట్టుకుంటెనే కదరా చేతులు జల్దీ ఆడేది. ఊకె కూసున్న రోజే నాకు పానం బాగుండది."

కొత్త దారాలు కోడలితోనే కట్టించాను. ముడి గట్టిగానే వేసింది. నన్ను కూర్చోబెట్టాలంటున్న కొడుకుది న్యాయమా, నాది న్యాయమా, మీరే చెప్పండి. ఏం చెప్పినా రేపు పొద్దున పొయ్యి వెలిగిస్తాను.