కిమ్ రేసుకు వెళ్లిన ఆదివారం

మా బాపుకు చెవులు సగమే పనిచేస్తాయి. సూరత్‌లోని ఖటోదరాలో సాంచాల మధ్య నిలబడి నిలబడి మిగతా సగం పోగొట్టుకున్నాడు. సాంచాలంటే మరమగ్గాలు. మా ఇళ్లలో వాటిని ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో ఏ మాటైనా ఆయనకు రెండుసార్లు చెప్పాలి. అలాంటి మనిషికి డ్రాగ్ రేసులంటే పిచ్చి.

రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. ఎదురుగా స్తంభం మీద పసుపు లైట్లు ఒకదాని కింద ఒకటి వెలుగుతూ దిగుతాయి. ఆకుపచ్చ పడగానే తిన్నని రోడ్డు మీద పావు మైలు దూసుకుపోవాలి. మలుపుల్లేవు, చుట్లు లేవు. మనం ఊపిరి తీసి వదిలేలోపు ఎవరు గెలిచారో తేలిపోతుంది. "గా సప్పుడు చెవులకు గాదు బిడ్డా, బొక్కలకు వినబడ్తది" అనేవాడు బాపు, ఛాతీ ఎముకల మీద అరచెయ్యి పెట్టుకుని.

ఆ పిచ్చి ఆయనకు అంటించింది తమ్ముడు, మా చిన్నబాపు. పెళ్లిళ్లు కాకముందే అన్నదమ్ములిద్దరూ కలిసి రైలెక్కి సూరత్ వచ్చారు. ఒకే కార్ఖానాలో, ఒకే షిఫ్టులో పనిచేశారు. తర్వాత చిన్నబాపు డ్రైవింగ్ నేర్చుకుని వరాఛా వైపు వెళ్లిపోయాడు. అక్కడి వజ్రాల పనివాళ్ల పిల్లలను బడికి తిప్పడానికి ఒక పాత వ్యాను కొన్నాడు. ఎక్కడ ఏ రేసు జరిగినా కబురు ముందు ఆయనకే తెలిసేది. ఆ వ్యానులోనే బాపునూ నన్నూ తీసుకుపోయేవాడు. ఏ బండి ఇంజిన్ ఎంతదో శబ్దాన్ని బట్టి చెప్పడం నాకు చిన్నబాపే నేర్పాడు. నాకాయనంటే బాపు కంటే ఒక పాలు ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఆ మాట ఇప్పుడు రాయాలంటే నోరు చేదుగా అవుతోంది.

కరోనా రెండో అల తగ్గాక వచ్చిన చలికాలంలో ఒక సాయంత్రం చిన్నబాపు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే మాస్కు గడ్డం కిందికి లాగి, "అన్నా, కిమ్ స్టేషన్ దాటినంక కొత్త రోడ్డు మీద రేస్ వెట్టిండ్రు. శనివారం, ఆదివారం. వదినెను, బిడ్డను గుడ తోల్కరా. అందరం పోదాం" అన్నాడు.

బాపు నవ్వాడు. నానమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

నానమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమె బాపు వాళ్ల అమ్మ, మాతోనే ఉండేది. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాక, మా గల్లీలో సగం గదులు ఖాళీ అయ్యాయి. దొరికిన బండి పట్టుకుని అందరూ తెలంగాణ దారి పట్టారు. నానమ్మ కూడా కరీంనగర్ పక్కన ఉన్న కూతురి దగ్గరికి పోతానని ఒకటే గోల. "నన్ను నా బిడ్డ కాడ దించి రాండ్రి. గీ గదిల నాకు ఊపిరాడ్తలేదు" అని పొద్దున లేచింది మొదలు అదే మాట. చిన్నబాపుకు వ్యాను ఉంది. ఊరికి పోవడానికి ఆయన సర్కారు పాస్ కోసం అర్జీ పెట్టుకున్నాడు. పాస్ వచ్చింది. కానీ ఫోన్ చేసి, "ముసలోళ్లకు పాస్ ఇస్తలేరన్నా. బార్డర్ల పట్టుకుంటే అందరినీ ఎనుకకు తోలుతరంట. నేను, మీ మరదలు, పాప, ముగ్గురమే పోతున్నం" అన్నాడు.

నానమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. తన బట్టల మూట కట్టి బాపు చేతికిచ్చింది. "నువ్వు పోయి నిలవడి అడుగు. నిన్ను సూత్తె కాదనడు" అంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తెల్లారకముందే బాపు ఆ మూట చంకన పెట్టుకుని నడుచుకుంటూ వరాఛా వెళ్లాడు. ఎండెక్కాక అదే మూటతో తిరిగొచ్చాడు. "నేను పోయేసరికే ఎల్లిపోయిండ్రు" అన్నాడు.

"పోనీ తియ్యి, పైలంగ చేరితే సాలు" అంది నానమ్మ. మూట విప్పి, చీరలు మళ్లీ దండెం మీద వేసుకుంది.

ఆ ఎండాకాలం పూర్తికాకముందే ఆమెకు జ్వరం, ఆయాసం వచ్చాయి. ఆసుపత్రి వాళ్లు లోపలికి తీసుకుని మమ్మల్ని బయటి నుంచే పంపించేశారు. తర్వాత ఫోన్ వచ్చింది. శ్మశానానికి బాపు ఒక్కడినే రానిచ్చారు. సంచిలో చుట్టి ఉంది, ముఖం చూపించలేదని చెప్పాడు. చిన్నబాపు ఫోన్లో ఏడ్చాడు. సాంచాలు మళ్లీ మొదలయ్యాక భార్యాబిడ్డలతో తిరిగొచ్చి మా అమ్మ ముందు కూర్చుని ఇంకా ఏడ్చాడు. అమ్మే ఆయనను ఓదార్చింది. "సర్కారు రూల్ వెడితే నువ్వేం జేత్తవ్" అంది. మేమంతా అదే అనుకున్నాం. మాకు ఆయన మీద కోపం లేదు.

అందుకే ఆ శనివారం అందరం సంతోషంగానే వ్యాను ఎక్కాం. అమ్మ పులిహోర కలిపింది. చిన్నమ్మ గుజరాతీవాళ్ల మెంతి రొట్టెలు, థేప్లాలు చేసి తెచ్చింది. చిన్నబాపు వాళ్ల పాప నా ఒళ్లో కూర్చుంది. గేటు దగ్గర నుదుటికి ఏదో మిషన్ పెట్టి జ్వరం చూశారు. ఫోన్లో టీకా సర్టిఫికెట్ చూపించమన్నారు. లోపలికి వెళ్లాక ఎవరి ముఖానా మాస్కు లేదు. కొత్తగా వేసిన ఆ రోడ్డుకు రెండు వైపులా ఇనుప కంచెలు కట్టారు. వెనకాల కర్రలతో మెట్లు వేశారు. గుజరాతీ కుటుంబాలు గొడుగులతో, మడత కుర్చీలతో దిగాయి. మా సాంచాల కుర్రాళ్లు కంచె పట్టుకుని వేలాడుతున్నారు. బయల్దేరే ముందు బండివాళ్లు వెనక చక్రాన్ని ఉన్నచోటనే తిప్పి వేడెక్కిస్తారు. తెల్లటి పొగ లేచి మా మీదికి వచ్చేది. కాలిన రబ్బరు వాసన పులిహోరకు కూడా పట్టింది. బాపు చొక్కా పై గుండీ విప్పుకుని, కళ్లు మూసుకుని ఆ శబ్దాన్ని తాగుతున్నట్టు కూర్చున్నాడు. అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఏ బండి గెలుస్తుందో పందేలు వేసుకున్నారు. ఓడినవాడు ఛాయ్ తేవాలి. బాపు మూడు సార్లు తెచ్చాడు. ఆ రోజు నిజంగా బాగుంది. ఏమీ తెలియని రోజు కాబట్టి బాగుంది.

ఆదివారం ఓడినవాళ్లు తప్పుకుంటూ పోయి ఫైనల్ దాకా జరిగే పోటీలు. జనం రెట్టింపయ్యారు. ఆడవాళ్లకు ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. మధ్యాహ్నం దాటాక అమ్మ, చిన్నమ్మ, నేను ఆ లైన్లో నిలబడ్డాం. లైను కదలడం లేదు. వెనక బండ్ల మోత. అమ్మ విసుక్కుంది.

చిన్నమ్మ నవ్వుతూ, "గిదేం కష్టమక్కా. లాక్‌డౌన్‌ల ఊరికి పోయినప్పుడు సూడాలె మా తిప్పలు. దాబాలు బంద్, పెట్రోల్ పంపుల కాడ దిగనియ్యరు. మా నాయినకా, షుగరాయె. గంటకోపారి బండి ఆపుడే. ఒక్కకాడ పోలీసోడు ఉరికొచ్చిండు, మా నాయిన ఇంక లుంగీ సదురుకోనే లేదు..." అని పొట్ట పట్టుకుని నవ్వింది.

నేను కూడా నవ్వబోయాను. అమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

"మీ నాయిన గుడ వచ్చిండా?" అని అడిగింది అమ్మ.

చిన్నమ్మ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "ముందర సీట్ల కూసున్నడు" అంది. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "మా అమ్మ గుడ. మా దగ్గరికొచ్చి ఈడనే చిక్కుకపోయిండ్రు గదక్కా. మేం కాకపోతే ఎవలు తోల్కపోతరు?" అంది.

ఆ ముసలాయన మా నానమ్మ కంటే పెద్దవాడు.  లైను కదిలింది. అమ్మ లోపలికి వెళ్లి వచ్చింది. కుళాయి దగ్గర చేతులు చాలాసేపు కడుక్కుంది. చిన్నమ్మ పాప చెయ్యి పట్టుకుని మాకంటే ముందే వెళ్లిపోయింది.

మేం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఫైనల్‌కు బండ్లు వరసకు వస్తున్నాయి. బాపు నిలబడి, "జల్ది రాండ్రి, అయిపోతది" అని చేతులూపుతున్నాడు. అమ్మ కూర్చుంది కానీ రోడ్డు వైపు చూడలేదు. బాపునే చూస్తూ కూర్చుంది. లైట్లు దిగాయి. ఒక బండి ఆకుపచ్చ పడకముందే ఉరికింది. దాని వైపు ఎర్ర లైటు వెలిగింది. అది ముందుగా గీత దాటినా ఓడిపోయినట్టే. జనం గోల చేశారు. చిన్నబాపు తిట్లు అందుకున్నాడు. ఇద్దరూ వ్యాను దాకా ఆ ఎర్ర లైటు గురించే వాదించుకుంటూ నడిచారు.

చిన్నబాపు వ్యాను తలుపు లాగాడు. అమ్మ ఎక్కలేదు.

"ఏంది వదినె, ఏమన్న మరిశినవా?"

"నేను గీ బండ్ల రాను."

"ఏమైంది?"

"నిన్ను గన్న అవ్వకు జాగ లేకపాయె గదా గీ బండ్ల. మీ అత్తమామలకు మాత్రం ఉండె."

చిన్నబాపు భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే లోపల కూర్చుని కిటికీ వైపు తిరిగింది. పార్కింగులో మా చుట్టూ జనం మోటారు సైకిళ్లు తీసుకుంటున్నారు.

"వదినె, గప్పుడు టైమే గట్లుండె. వాళ్లు పరాయి ఇంట్ల చిక్కుకున్నోళ్లు. వాళ్లను యాడ ఇడిశిపెట్టాలె చెప్పు?"

"మీ అవ్వను ఇడిశిపెట్టినకాడ" అంది అమ్మ.

చిన్నబాపు ముఖం నల్లబడింది. "అన్నా, నువ్వన్న జెప్పు" అన్నాడు. బాపు వ్యానుకూ అమ్మకూ మధ్య నిలబడి నేల చూస్తున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. కొంచెం దూరం పోయాక వెనక బాపు చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన మా వెంట వచ్చాడు. కానీ వెంటనే రాలేదు. ఆ ఆలస్యం నేను గమనించాను.

షేర్ ఆటోలో కిమ్ స్టేషన్ చేరి లోకల్ రైలెక్కాం. కిటికీ పక్కన సీట్లు దొరికాయి. రైలు కదిలింది. తర్వాత బాపు, "ఊకో ఇగ. అయిపోయిన ముచ్చట. వానికి గుడ తప్పలే" అన్నాడు.

"తప్పలేదని నీకెట్ల దెల్సు?" అంది అమ్మ.

 అమ్మ చూపు తిప్పలేదు. చివరికి బాపు చెప్పాడు. "ఆ పొద్దు నేను పోయేసరికి బండి ఆడనే ఉండె. వాళ్ల మామను చెయ్యి వట్టుకొని ముందర కూసోవెడ్తున్నడు. వాళ్ల ఇండ్ల సొసైటీ గేటు కాడికెల్లి సూశిన. మర్లి వచ్చిన."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా మండింది. వ్యాను కళ్లముందే ఉంది. చేతిలో నానమ్మ బట్టల మూట ఉంది. ఈయన గేటు దగ్గర నుంచి తిరిగొచ్చాడు. వచ్చి మాతో అబద్ధం చెప్పాడు.

"అడగలేదా బాపూ?" అన్నాను.

"ఏమని అడగాలె బిడ్డా. నన్ను సూత్తె వానికి సిగ్గయితుండె."

"మరి నానమ్మ?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో నాకు తెలియదు. నేను రెండోసారి అడగలేదు. అడిగినా ఆ రైలు మోతలో అరిచి చెప్పాల్సిన మాట కాదది. అమ్మ సూరత్ వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

చిన్నబాపు చేసింది నేను కొంత అర్థం చేసుకోగలను. భార్య తల్లిదండ్రులు ఇంట్లో ఉన్నారు, ఆమె ఏడ్చి ఉంటుంది, పాస్ మీద ఎక్కనిచ్చేది కొద్దిమందినే. మనుషులు అలాంటప్పుడు దగ్గరున్నవాళ్లను ఎక్కించుకుంటారు. బాపుది నాకు ఇప్పటికీ అర్థం కాదు. తమ్ముడు తల దించుకోకూడదని తల్లిని ఆ గదిలోనే ఉంచేశాడు. ఆ తర్వాత అదే వ్యానులో, అదే సీటులో కూర్చుని రేసుకు వచ్చాడు, ఛాయ్ పందెం కాశాడు, భుజం మీద చెయ్యేశాడు. శనివారం ఆయన నవ్వుతుంటే నానమ్మను మరిచిపోయే ధైర్యం వచ్చిందనుకుని సంతోషపడ్డాను. అన్నీ తెలిసి నవ్వాడు.

కొన్ని నెలలు అన్నదమ్ములు కలవలేదు. కలవలేదని మేమనుకున్నాం. పెత్తరమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చే వేళకు చిన్నబాపు మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన పెద్ద ఫ్రేము ఉంది. నానమ్మ ఫోటో పెద్దది చేయించి అద్దం కట్టించాడు. రమ్మన్నది బాపేనని, అంతకుముందే ఇద్దరూ రెండు మూడుసార్లు బయట కలుసుకున్నారని అప్పుడు తెలిసింది. అమ్మ వంట చేసింది, ఇద్దరికీ వడ్డించింది. చిన్నబాపు పచ్చిపులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. బాపు ముఖంలో ఎంత తేలిక కనిపించిందంటే, నేను అక్కడ కూర్చోలేక నీళ్ల బిందె తీసుకుని కిందికి దిగిపోయాను.

తిరిగి వచ్చేసరికి బాపు గోడకు మేకు కొట్టి ఫోటో తగిలించాడు. అది ఇంకా అక్కడే ఉంది. దండ మార్చేది బాపే. అమ్మ దాన్ని ముట్టుకోదు.