అత్తగారి ముక్కు, ఆడపడుచు సెంటు

చెరకు గానుగాడే రోజుల్లో చోడవరం అంతటికీ ఒకటే వాసన. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ పులిసిన తీపి గాలి తలుపులు వేసినా లోపలికొచ్చేది. ఆరేసిన చీరల మీద నల్లటి నుసి పడేది. ఇది తొంభైల మధ్య మాట. మావారు కోతలంటూ పొలంలోనే ఉండేవారు. ఇంట్లో నేనూ, మంచం పట్టిన మా అత్తగారూ.

ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. చెవి దగ్గర అరిస్తే తప్ప మాట వినబడదు. ముక్కు మాత్రం ఇంట్లో అందరికన్నా చురుకు. మజ్జిగ పులిసిందో లేదో గిన్నె గుమ్మంలో ఉండగానే చెప్పేవారు. మనుషుల్నీ అలాగే పోల్చుకునేవారు. నా దగ్గర ఇంగువా నొప్పుల బామూ కలిసిన వాసన వస్తుందట. ఆ వాసన లేని చెయ్యి ముద్ద పెడితే నోరు తెరిచేవారు కాదు. పక్కింటావిడ ఓసారి బలవంతం చేసి వేలు కొరికించుకుంది.

కాబట్టి అన్ని పూటలా నేనే. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, జావ, మెత్తటి అన్నం, పడుకునే ముందు పాలు. వేళ తప్పడం నాకు గిట్టదు, తప్పనివ్వలేదు కూడా. కానీ మార్గశిరం వచ్చేసరికి వంగితే నడుము లేవడం మానేసింది. ఎవరూ పిలవకుండా ఒక్క మధ్యాహ్నం పడుకుంటే చాలనిపించేది. అంతకు మించి కోరికలేవీ మిగల్లేదు.

విశాఖపట్నంలో ఉన్న మా ఆడపడుచుకి కబురు పెట్టాను. వెంటనే వచ్చింది. ఆ అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టగానే మొలాసిస్ గాలి ఒక్క క్షణం వెనక్కి తగ్గినట్టయింది.

"ఏటమ్మడూ ఇది, అత్తరా?"

"అత్తరేటొదినా, సెంటు. మీ తమ్ముడు ఓడ మీంచి తెచ్చేరు. ఇది లేకపోతే ఆ బస్సులో సచ్చిపోదును." ఓడల మీద పనిచేసే తన భర్తని నా దగ్గర ఎప్పుడూ మీ తమ్ముడనే అంటుంది.

సంచీలోంచి సీసా తీసి చూపించింది. పాలిపోయిన నీలం గాజు, అలలకి అరిగిన గులకరాయంత నున్నగా ఉంది. నా మణికట్టు మీద ఒకసారి కొట్టింది. మల్లె కాదు, సంపెంగ కాదు, మొగలి అంతకన్నా కాదు. ముందు కీరా దోసకాయ విరిచినట్టుంది. కాసేపటికి తామర తూడు తుంచినప్పటి పచ్చి వాసన. ఆ తరవాత పువ్వు కూడా పోయి ఒట్టి నీళ్ళే మిగిలాయి. రైవాడ జలాశయం నీళ్ళు కాలవకి వదిలిన రోజున గట్టు మీద నిలబడితే వచ్చే చల్లదనం లాంటిది. నీళ్ళకి వాసన ఉండదంటారు. అలిసిపోయిన మనిషికి ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం కలుపుకుని తల్లి పక్కన కూర్చుంది. అత్తగారు గాలి పీల్చి మొహం గోడకి తిప్పేశారు.

"ఎవర్తివే నువ్వు?"

"నేనేనమ్మా, నీ కూతుర్ని!" చెవిలో అరిచింది.

"నా కూతురు నాకు తెల్దేటి? నువ్వు ఆస్పటల్ గుంటవి. సూదెయ్యకు, సెప్తన్నాను. నా కోడల్ని పిలు."

మర్నాడు తలంటు పోసుకుని, సెంటు లేకుండా వెళ్ళింది. అప్పుడు ఏ వాసనా లేని మనిషయింది. అదీ కుదర్లేదు.

"నా చీర కట్టుకుని, నా బాము రాసుకుని వెళ్ళు. నేననుకుని తినేస్తారు. నేను కాసేపు నడుం వాలుస్తాను" అన్నాను.

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. "మా అమ్మకి నేను కోడల్నయి అన్నం పెట్టాలా వదినా? నన్ను నన్నుగా పోల్చుకోవాలి. లేపోతే నేను రావడం ఎందుకు?" అని ఏడ్చింది. ఊరుకోబెట్టే ఓపిక నాకు లేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళి నేనే తినిపించాను.

వెళ్ళేటప్పుడు సీసా నా చేతిలో పెట్టింది. "రోజూ అమ్మకి కొంచెం వాసన చూపించి, నీ కూతురు వాసన అని చెప్పు. అలవాటైపోతే మళ్ళీ వచ్చేసరికి పోల్చుకుంటాది. నాకు ఇంటి దగ్గర ఇంకోటుందిలే."

ఉన్న పనులకి ఇదొకటి చేరింది. ఒప్పుకున్నాక సరిగ్గా చెయ్యాలి కదా. గదిలో కొడితే ఆవిడకి దగ్గు వస్తోందని, అన్నం పెట్టే ముందు నా పమిట చెంగు మీద ఒక్కసారి కొట్టుకుని, ముక్కు దగ్గర ఉంచి, "ఇది మీ అమ్మాయి వాసన" అని అరిచేదాన్ని. ఆవిడ "ఊఁ" అని నోరు తెరిచేవారు. సీసా మళ్ళీ ఆ అమ్మాయి వచ్చేదాకా సరిపోవాలని కాటుకతో గీత పెట్టుకుని పొదుపుగా వాడాను. తరవాత పొయ్యి దగ్గర నిలబడితే నా చెంగులోంచే కాలవ గట్టు వాసన వచ్చేది. అక్కడ కూర్చోవడానికి మాత్రం తీరిక లేదు.

మాఘంలో వచ్చింది. మొహం కడుక్కుని, సెంటు నిండా కొట్టుకుని, నా వైపు చూసి తలూపి, కంచం పట్టుకుని వెళ్ళి కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

అత్తగారు గాలి పీల్చారు. మొహం విప్పారింది.

"వచ్చేవేటే కోడలా? ఎంతసేపే? ఆకలేస్తంది."

ఆ అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా చెంగు కేసి చూసింది. నేనూ చూసుకున్నాను. రోజూ ఆ వాసనతో వచ్చి ముద్ద పెట్టింది నేనే మరి. ఎన్ని సార్లు చెవిలో అరిస్తేనేం, ముక్కు నమ్మింది చేతిని.

కంచం అందుకుందామని నేను ముందుకి కదిలాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. ముద్ద చేసి పెట్టింది. ఆవిడ తిన్నారు.

"నా గుంట వస్తానంది, వచ్చిందేటే?"

ఆ అమ్మాయి ఇంకో ముద్ద కలిపింది. తరవాత చెవి దగ్గరికి వంగి, "వస్తుందత్తయ్యా. ముందు మీరు తినండి" అంది, అచ్చు నేను అనేటట్టే. పుట్టి బుద్ధెరిగాక తల్లిని మీరని ఎప్పుడూ అనలేదు.

"దానికి మీగడంటే పేనం. తీసుంచు. నువ్వు తినీకు."

"తిననత్తయ్యా."

కళ్ళు తుడుచుకోవడానికి మోచెయ్యి ఎత్తి, నన్ను చూసి నవ్వింది. పోయి పడుకోమని ఎడమ చేత్తో సైగ చేసింది.

వీధి గదిలో చాప వేసుకున్నాను. గానుగ గాలి మామూలుగానే వస్తోంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి దీపాల వేళ దాటింది. పాల గిన్నె పక్కన చిన్న గిన్నెలో మీగడ తీసి, మూత పెట్టి ఉంది. తీసింది నేను కాదు.