కొడుకు మీద చెప్పిన సాక్ష్యం

కుట్టుమిషన్ తొక్కి ఒక్కగానొక్క కొడుకుని పెంచిన ఆవిడ, ఫ్యామిలీ కోర్టులో వాడి పక్కనే నిలబడింది. విడిపోయిన భార్య దగ్గరున్న కూతుర్ని సెలవులకు తన ఇంటికి పంపాలని వాడు అడిగాడు.

"పాప మీ ఇంట్లో భద్రంగా ఉంటుందా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

అమ్మ తన మాట కాదనదని కొడుకు ధీమా. ఆవిడ వాడి వైపు చూడకుండా జడ్జిగారితోనే చెప్పింది.

"తాగనప్పుడు వీడిది వెన్నలాంటి మనసండి. తాగితే మనిషి కాడు. పోయినసారి పాపను గదిలో పెట్టి గడియ వేశాడు. అడ్డం వెళ్తే నన్నూ తోసేశాడు."

కోర్టు కౌన్సెలర్ పాపతో విడిగా మాట్లాడితే అదీ ఆ మాటే చెప్పింది. తాగుడు మానేదాకా కోర్టులోని పిల్లల గదిలోనే, కౌన్సెలర్ ఎదుటే కూతుర్ని కలవాలని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు.

మెట్ల దగ్గర కొడుకు, "నువ్వు తల్లివేనా?" అనేసి వెళ్లిపోయాడు. కోడలు వచ్చి చెయ్యి పట్టుకున్నా ఆవిడ కొడుకు వెళ్లిన వైపే చూస్తూ నిలబడింది.