సింహాచలంగారి కారు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా పొట్ట గడవదు. రాయ్‌పూర్ గుఢియారీలో మా గ్యారేజీకి వచ్చే ప్రతి రెండో మనిషీ బండిని తోసుకొస్తూనే "ఇస్‌మే భూత్ ఘుస్ గయా", దీనిలో దయ్యం దూరిందని అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే ఆ భూతం నిప్పు పుట్టించే పాయింట్ల మధ్య మసిలా కూర్చుని ఉండేది. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే వదిలిపోయేది. నిమ్మకాయలూ వేపమండలూ లేకుండా నేను వదిలించినన్ని దయ్యాలను ఏ భూతవైద్యుడూ వదిలించి ఉండడు.

అలాంటివాడిని ఇది చెబుతున్నానంటే, మా వాకిట్లో, పట్టపగలు, మా ఉస్తాదు కళ్లముందు జరిగింది కాబట్టే చెబుతున్నాను.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే గ్యాంగులో పనికి రాయ్‌పూర్ వచ్చాడు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ రోజు నాకంటే మా మాస్టారే ఎక్కువ సంతోషించారు. తర్వాత మా ఉస్తాదు రంజాన్ చాచా దగ్గర పనిలో చేరి, కారు ఇంజన్ ముందు పుస్తకం తెరిచినట్టు కూర్చోవడం నేర్చుకున్నాను.

పైడమ్మను మారుమనువు చేసుకున్నాను. మా అక్క కుదిర్చిన సంబంధం. పైడమ్మ మొదటి భర్త సింహాచలం టాక్సీ నడిపేవాడట. పచ్చకామెర్లతో పోయాడు. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఆమె ఒక ట్రంకు పెట్టెతోనూ, ఆయన నడిపిన నల్ల కారుతోనూ మా ఇంటికి వచ్చింది. పెళ్లామూ కారూ రెండూ సెకండ్ హ్యాండే అన్నవాడు ఒకడున్నాడు మా బస్తీలో. వాడి స్కూటర్‌ను నేను మళ్లీ ముట్టుకోలేదు.

ఆ కారును నేనే టాక్సీగా తిప్పుదామనుకున్నాను. గ్యారేజీకి వెళ్లేముందు పొద్దున్నే స్టేషను బేరాలు, సెలవురోజుల్లో దగ్గర్లోని తిల్దా బియ్యం మిల్లుల సేఠ్‌లు. ఎండాకాలం అంతా బాగానే నడిచింది. చలి మొదలయ్యేసరికి మొండికేసింది.

తెల్లారి మంచులో హ్యాండిల్ పెట్టి తిప్పితే దగ్గేది తప్ప లేచేది కాదు. బ్యాటరీ చార్జి చేయించాను. ప్లగ్గులు విప్పి కడిగాను. కండెన్సర్ మార్చాను, కాయిల్ మార్చాను. కార్బురేటర్ విప్పి గాజుగ్లాసులా తళతళలాడించాను. నిప్పు ఉంది, పెట్రోలు ఉంది, గాలి ఉంది. ఈ మూడూ ఉన్నాక ఇంజన్‌కు ఇంకేం కావాలి? దానికి ఇంకేదో కావాల్సి వచ్చింది. నేను హ్యాండిల్ తిప్పుతుంటే పక్కిళ్లవాళ్లు తలుపులు తీసుకుని మరీ చూసేవారు. మెకానిక్ కారే కదలకపోతే అంతకంటే ఉచిత వినోదం ఏముంటుంది?

ఒక పొద్దున నేను ఇలాగే కుస్తీ పడుతుంటే, పైడమ్మ వెనక సీటులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చింది. సీటులో కూర్చుని చెయ్యి కిందికి పెట్టి వెతుకుతోంది. నేను హ్యాండిల్ సగం తిప్పానో లేదో ఇంజన్ అందుకుంది. మర్నాడు ఆమె లేదు, కారు లేవలేదు. పిలిచి కూర్చోబెట్టాను, లేచింది.

బరువు పడితే ఎక్కడో వదులైన తీగ అతుక్కుంటోందని అనుకున్నాను. అందుకే మా అక్కను తెచ్చి అదే సీటులో కూర్చోబెట్టాను. మా అక్క పైడమ్మకు రెండింతలు ఉంటుంది. బరువు లెక్కే అయితే కారు ఎగిరి తిల్దాలో దిగాలి. కిక్కురుమనలేదు. చాచా వచ్చి ఎర్తు తీగ మార్చాడు. చాసిస్ కింద పడుకుని ప్రతి బోల్టూ బిగించాడు. ఆ తర్వాత కూడా అంతే. పైడమ్మ కూర్చుంటే లేస్తుంది, లేకపోతే లేదు.

ఏమిటి సంగతి అని ఆమెనే అడిగాను.

"ఆయన రోజూ బోణీకి నన్నే కూకోబెట్టీవోరు" అంది. "సందు సివరిదాకా తీసుకెళ్లి దింపీసి, అప్పుడే టేసనుకి ఎల్లీవోరు."

చెబుతూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మా పెళ్లయ్యాక నేను చూడలేదు. అసలు ఆ పెదవులకు ఆ పని వచ్చని కూడా నాకు తెలియదు.

అప్పటి నుంచి నాకు కడుపులో మంట పట్టుకుంది. బతికున్న మగాడితో అయితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. పేకాటలో ఓడించవచ్చు, బొజ్జ పెరిగిందని వెక్కిరించవచ్చు. చచ్చిపోయినవాడికి బొజ్జ రాదు, జుట్టు ఊడదు, ఉప్పెక్కువైందని కంచం తోసెయ్యడు. వాడితో పోటీకి దిగడం అంటే పరుగు పందెంలో ముందే గెలిచి ఇంటికి వెళ్లిపోయినవాడి వెనక పరిగెత్తడమే.

ఇంకో ముల్లు కూడా ఉంది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషను షాపులో భర్త పేరు అడిగితే మా అక్క పక్కనున్నవాళ్ల చేత చెప్పిస్తుంది. పైడమ్మ కూడా సింహాచలం పేరు ఎప్పుడూ పలకలేదు. కారు కాగితాలు మార్పించడానికి వెళ్లిన రోజు, ఆఫీసులో గుమాస్తా ఎన్నిసార్లు అడిగినా నేల చూస్తూ నిలబడింది. చివరికి నా పెళ్లాం మొదటి మొగుడి పేరు నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది.

మరి నా పేరో? నేను సైకిలెక్కి గ్యారేజీకి బయలుదేరితే చాలు, గుమ్మంలో నిలబడి సందు అంతా వినేలా "సూర్యనారాయణగారూ" అని కేకేసేది. బ్రేకు వేసి వెనక్కి తిరిగితే "ఏటీ నేదు, ఎల్లండి" అనేది. రోజూ ఇదే తంతు. నేనేదో వాళ్లింట్లో అద్దెకున్నవాడినన్నట్టు. సందులో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఎవరి పేరు పలకడానికి ఆమెకు నోరు రాదో వాడు మొగుడు, పేరు పెట్టి కేకేసేది నన్ను. లెక్కలు రాక బడి మానేసినవాడినే కానీ, ఈ లెక్క మాత్రం నాకు బాగానే అర్థమైందనుకున్నాను.

అక్కతో చెప్పుకుంటే పడీపడీ నవ్వింది. "పిలిసినందుకు ఏడుత్తావేట్రా? మీ బావని పిలవాలని ఉన్నా నాకు నోరు రాదు" అంది.

ఆ చలికాలం చివర్లో బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. చాచా దాన్ని విప్పించి, చార్జి పెట్టడానికి గ్యారేజీకి తీసుకుపోయాడు. మర్నాడు ఎండ ఎక్కాక రిక్షాలో వేసుకొస్తానన్నాడు. ఆ పొద్దున కారు వాకిట్లో ఊరికే నిలబడి ఉంది. నేను దాన్ని చూస్తూ, పైడమ్మ దాని అద్దాలు తుడుస్తుంటే ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఎంత నెమ్మదిగా తుడిచిందో. పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. నాకు పట్టలేదు.

"ఆయన పేరు పలుకు" అన్నాను.

"వద్దండి."

"నా పేరు ఊరంతా వినేలా పలుకుతావు. ఆయనదెందుకు పలకవు? ఆయన మొగుడూ, నేను అద్దెకున్నవాడినీనా?"

పేరు నోటితో అనేస్తే ఆయన ఇక మొగుడు కాకుండా పోతాడని నా ఆలోచన. ఆ వరస తెగిపోతుంది, ఈ కారు నాదవుతుంది, ఆమె కూడా. మగాళ్లకే తట్టే తెలివి ఇది.

పైడమ్మ తుడవడం ఆపింది. చేతిలో గుడ్డ కింద పెట్టింది. వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. సందు మలుపు తిరుగుతున్న మనిషిని గుమ్మంలోంచి ఆపబోయినట్టు పిలిచింది.

"సింహాచలంగారూ."

ఇంజన్ లేచింది.

దగ్గలేదు, కుదపలేదు. నా చేతుల్లో ఏనాడూ అంత సాఫీగా తిరగలేదు. బానెట్ మీద మిగిలిన మంచు నీళ్లు వణుకుతూ జారడం చూశాను. తాళం నా చొక్కా జేబులో ఉంది. పైనుంచి తడుముకుని చూశాను, ఉంది.

అదే సమయానికి రిక్షా వచ్చి ఆగింది. చాచా ఒళ్లో బ్యాటరీ పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజన్ చప్పుడు విని, ఇంకో బ్యాటరీ తెచ్చానేమో అనుకున్నాడట. దిగి తనే బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. మేం గుడ్డపీలికతో కట్టి పక్కకు పెట్టిన తీగలు అలాగే ఉన్నాయి. ఇంజన్ తిరుగుతూనే ఉంది.

చాచా రిక్షాలోని బ్యాటరీ వైపు చూశాడు, మళ్లీ ఇంజన్ వైపు చూశాడు. "తో ఫిర్ యే కిస్‌సే చల్ రహీ హై?" అని నన్ను అడిగాడు. దేనితో నడుస్తోందో నాకు మాత్రం ఏం తెలుసు? మేమిద్దరం అలా చూస్తుండగానే అది తనంతట తాను ఆగిపోయింది.

"పిలమన్నారు, పిలిసినాను" అంది పైడమ్మ. "పలికినారు."

నిజం చెప్పాలంటే నాకు భయం కంటే ముందు అసూయే వచ్చింది. నేను నెలల తరబడి గుడ్డలు మసి చేసుకున్నా లేవనిది, ఆమె ఒక్క పిలుపుకు లేచింది. నేనైతే లేచేవాడినా?

పైడమ్మ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. చాచా మర్యాద తెలిసినవాడు, రిక్షావాడితో ఏదో మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. అప్పుడు చెప్పింది.

"ఆస్పత్రిలో ఆయనకి మగత కమ్మీసినాది. పేరు పెట్టి పిలు, తెలివొస్తాదేమో అన్నాది నర్సమ్మ. నాకు నోరు రానేదు. ఏవండీ, ఏవండీ అన్నాను. ఆ వార్డు నిండా ఏవండీలే. ఎవరి పెళ్లాం ఎవర్ని పిలుస్తందో ఆరికేటి తెలుస్తాది? ఇటు తిరగనేదు."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీకు అలా సెయ్యకూడదనుకున్నాను. అందుకే రోజూ పిలిసి సూసుకుంతన్నాను, తిరుగుతారా నేదా అని."

వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

చాచా వచ్చాక బ్యాటరీ బిగించాం. పైడమ్మ లోపల వంటింట్లో ఉంది. హ్యాండిల్ సగం తిప్పాను, లేచింది. ఆ తర్వాత ఏ చలికాలంలోనూ అది నన్ను ఏడిపించలేదు. కొత్తగా ఒక్క సామాను వెయ్యలేదు, ఒక్క స్క్రూ మార్చలేదు. చాలా ఏళ్లు తిప్పి అమ్మేశాను. కొన్నవాడు కూడా ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు.

నేను ఊరుకోలేదు. బాగా వేడెక్కిన ఇంజన్, తాళం తీసేశాక కూడా కాసేపు కొట్టుకోవడం చూశాను. కానీ ఇది ముందురోజు నుంచి తిరగని, మంచులో నానిన ఇంజన్. నిప్పు లేదు. నిప్పు లేకుండా పెట్రోలు ఇంజన్ లేవదు. ఇది బడి మానేసిన నాకూ తెలుసు, బడి మానని ఇంజనీర్లనూ అడిగాను, వాళ్లూ అదే అన్నారు. చాచా దగ్గర ఆ మాటెత్తితే చేతిలో పానా కింద పెట్టి బీడీ వెలిగించుకునేవాడు, అంతే.

దయ్యమని ఇప్పటికీ అనను. మరేమిటంటే చెప్పలేను.

పైడమ్మ ఇవాళ్టికీ నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. నేనూ ఎక్కడున్నా తిరిగి చూస్తాను. కానీ ఆ రోజు బానెట్ మీద చెయ్యి ఆనించి పిలిచిన గొంతుతో మాత్రం నన్ను ఎప్పుడూ పిలవలేదు. అలా పిలిపించుకోవాలంటే ముందు పోవాల్సి ఉంటుందేమో. అంత తొందర నాకు లేదు.