మగా, ఆడా అని అడిగితే

మా ఆయనకి సిక్లిడ్ చేపల పిచ్చి. దేశం కాని దేశమొచ్చి ఈ టౌరంగా ఊళ్లో ఇల్లు కొన్నాక కారు వానలో మిగిలింది, గరాజ్‌లోకి చేపల ట్యాంకులు చేరాయి. పోర్టు ఆఫీసులో కంప్యూటర్ల పని ముగించుకుని వచ్చి, షూ కూడా విప్పకుండా వాటి ముందు నిలబడతారు. నేను వండిన చారు బాగుందో లేదో ఆయనకి తెలియదు గానీ, ఏ చేప మేత మానేసిందో ఇట్టే చెబుతారు.

ఈ చేపలు నిమ్మపండు రంగులో ఉంటాయి. మగదీ అదే రంగు, ఆడదీ అదే రంగు. తల్లి గుడ్లని నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు బయటికొచ్చేదాకా దాదాపు పస్తే. పెద్ద మగచేప ఒకటి పెత్తనం చేస్తున్న ట్యాంకులో చిన్న మగవి రంగు తగ్గించుకుని ఆడవాటిలా అణిగిమణిగి తిరుగుతాయి. కాబట్టి పైపైన చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పిల్ల రెండంగుళాలు ఎదిగాక తడిచేతిలో వెల్లకిలా తిప్పి, పొట్ట కింద తోకవైపు ఉన్న రెండు రంధ్రాలు చూడాలి. రెండూ ఒకేలా ఉంటే మగ. వెనకది పెద్దదిగా ఉంటే ఆడ. ఊపిరి బిగబట్టినంత సేపట్లో తేల్చేయాలి, లేకపోతే ప్రాణి గిలగిలలాడిపోతుంది.

ఆయనకి చత్వారం వచ్చింది. దాంతో ఈ పని నా మీద పడింది. "నువ్వు స్కానింగ్ సెంటర్‌లో చేసినదానివి కదా, నీకిదెంత" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

పెళ్లికి ముందు గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్‌లో నాలుగేళ్లు చేశాను. ఫారాలు నింపడం, పొట్ట మీద జెల్ రాయడం, డాక్టరుగారి పక్కన నిలబడడం నా పని. లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు నా తల వెనకే ఉండేది. చూసి చూసి నాకూ తెర మీది బొమ్మ చదవడం వచ్చేసింది. ఎవరెన్ని వంకలతో అడిగినా డాక్టరుగారిది ఒకటే మాట: "బిడ్డ ఆరోగ్యంగా ఉంది." ఆ మాట తప్ప ఆవిడ నోట ఇంకోటి రాలేదు. ముఖం రాయిలా ఉంచుకోవడం నాకూ నేర్పారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, అక్కడ చెప్పేవాడు హంతకుడు కూడా.

ఒక్కసారి మాత్రం నా ముఖం రాయి కాలేకపోయింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి వచ్చింది, కూడా అత్తగారు. డాక్టరుగారు లోపల ఉండగా ఆ పెద్దావిడ నా దగ్గరికొచ్చి, పాయసం వండుకోమంటావా అమ్మా అని మెల్లగా అడిగింది. నేనేమీ అనలేదు. తల మాత్రం దించుకున్నాను. ఆ తల్లి తర్వాతి స్కాన్‌కి రాలేదు. ఊరు మారారేమో, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లారేమో. కనుక్కోవచ్చు, ఫారంలో ఫోన్ నంబరుంది. నేను కనుక్కోలేదు.

ఇక్కడ నేను కడుపుతో ఉన్నప్పుడు, స్కాన్ చేసే అమ్మాయి హాయిగా నవ్వుతూ బాబో పాపో చెప్పమంటారా అంది. ఏదో కేసులో ఇరికిస్తోందనుకుని, వద్దు, మేం అడగలేదు, మా ఆయన కూడా అడగలేదు అని గడగడా చెప్పేశాను. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చేదాకా మా ఆయన కారులో నవ్వుతూనే ఉన్నారు. పుట్టింది పాపే, ఇప్పుడు తొమ్మిదేళ్లు.

అందుకే చేపల పని మొదలుపెట్టాక నాకు ఒక రకంగా బాగానే అనిపించింది. చూసింది చూసినట్టు పైకి చెప్పొచ్చు, ఎవరికీ ఏమీ కాదు. శనివారం పొద్దున్నే పాప టార్చి పట్టుకునేది, నేను చేపని తిప్పి తీర్పు చెప్పేదాన్ని. మగవి నీలం బకెట్‌లోకి, ఆడవి తెల్లదాంట్లోకి. నాలుగైదు ఆడవాటికి ఒక మగది చాలు, ఎక్కువైతే ఒకదాన్నొకటి కొరుక్కుని చస్తాయి, అందుకని మిగతా మగవాటిని ఊళ్లో చేపల షాపుకి ఇస్తున్నానని ఆయన చెప్పారు. నేను నమ్మాను.

పోయిన చలికాలం ఒక శనివారం. ఆ పూట వాటిలో తోక చివర చిన్న నొక్కున్న పిల్ల ఒకటుంది. గాజు మీద వేలు పెడితే అన్నిటికన్నా ముందు వచ్చేది అదే. దాన్ని పట్టుకుంటే తెగ గింజుకుంది. గబగబా చూసి, మగ అన్నాను. నీలం బకెట్‌లోకి వెళ్లింది. పాప లోపలికి పరిగెత్తింది, నేను ఉప్మా చేయడానికి వెళ్లాను. కాసేపటికి చేతిగుడ్డ కోసం గరాజ్‌లోకొస్తే గుప్పున లవంగాల వాసన. ఎవరికి పంటినొప్పి అనుకున్నాను మొదట. చూస్తే నీలం బకెట్ పక్కన లవంగనూనె సీసా ఉంది. నీళ్లలో పసుపు రంగు చేపలన్నీ పక్కలకి ఒరిగి ఉన్నాయి.

ఆయన దాచాలని చూడలేదు. షాపువాళ్లు ఏడాదిగా మగవాటిని తీసుకోవడం లేదట. వాగులో వదలడం ఈ దేశంలో నేరం, అది తప్పు కూడా. ఉంచితే ట్యాంకులో రోజుల తరబడి చిత్రవధ. ఈ నూనెతో నిద్రలోనే పోతాయి, అన్నిటికన్నా దయగల పద్ధతి ఇదే అన్నారు. అయితే పుట్టించడం మానేయమన్నాను. అవి నన్నడిగి కంటున్నాయా అన్నారు. ఆ పూట ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు, అదే నా ఒళ్లు మండించింది. అబద్ధమల్లా షాపుకి ఇస్తున్నానన్న ఆ పాత మాటే. ఏడాదిగా నేను మగ అన్న ప్రతిసారీ ఒకదాన్ని చంపుతున్నానని నాకు తెలియదు.

తోక నొక్కుపిల్లని చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు గింజుకోవడం లేదు కాబట్టి తీరిగ్గా తిప్పి చూశాను. వెనక రంధ్రం స్పష్టంగా పెద్దది.

"ఇది ఆడది" అన్నాను.

"అంత చిన్నవాటిలో అప్పుడప్పుడు పొరబడతాం, వదిలెయ్" అన్నారాయన.

వదిలేయడం నా వల్ల కాలేదు. పెరట్లో నిమ్మమొక్క కింద పాతిపెడుతూ ఏడ్చాను. అంతకంటే సిగ్గు పుట్టించే సంగతి ఇంకొకటుంది. ఆ పిల్ల నిజంగా మగదే అయ్యుంటే నాకింత ఏడుపొచ్చేదా? బకెట్‌లో మిగతావన్నీ మగవే, వాటి కోసం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఇన్నేళ్లూ నేను మోస్తున్నది జాలి అనుకున్నాను. అది ఎవరికోసమో, ఎంతవరకో నాకే తెలియదని ఆ రోజు తెలిసింది.

కొన్ని వారాలు గరాజ్‌లోకి వెళ్లలేదు. ఈలోగా మరో కాన్పు పిల్లలు రెండంగుళాలయ్యాయి. ఆయన వచ్చి అడగలేదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారంతే. వెళ్లాను. రెండు బకెట్లూ కడిగి పెట్టి ఉన్నాయి. పాప టార్చి వెలిగించింది. మొదటి పిల్లని తడిచేతిలో వెల్లకిలా తిప్పాను. కనబడాల్సింది కనబడింది, ఈసారి ఏ అనుమానమూ లేదు.

"మగా, ఆడా?" అన్నారాయన.

నేను తల దించుకోలేదు. చేయి ట్యాంకులో ముంచి, పిల్లని వదిలేశాను.

"ఆరోగ్యంగా ఉంది" అన్నాను.