గొట్టం చాలని స్వరం

నా చిన్నప్పుడు ఫరీదాబాద్‌లో, మా బడి బ్యాండులో ట్రాంబోన్ అనే పొడుగాటి బాకా వాయించే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడికి కొత్తగా, ఇంకా మంద్రంగా పలికే బాస్ ట్రాంబోన్ ఒకటి కొనబోతున్నారు. అది నా చేతికే రావాలని నాకు పిచ్చి ఆశ. పై తరగతి అబ్బాయి ఒకడు దాని మీదే కన్నేశాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పేచీ వాల్వుల దగ్గర మొదలైంది. ట్రాంబోన్‌లో స్లైడు అనే జారుడు గొట్టాన్ని ముందుకు చాపేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది; వాల్వు నొక్కితే లోపలి అదనపు గొట్టం కలిసి ఇంకా దిగుతుంది. తేలికగా ఉంటుంది, ఒక వాల్వుదే చాలని బ్యాండు మాస్టారు. మిలిటరీ బ్యాండులో చేసి రిటైరైన మా తాతయ్యేమో రెండు ఉండి తీరాలని. ఇద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు.

ప్రిన్సిపాల్ ఎదుటే తేల్చేస్తానని తాతయ్య ఒక వాల్వుది ఎక్కడో అరువు తెచ్చారు. కాగితం మీద నాలుగు మంద్రస్వరాలు రాసి "వాయించవే" అన్నారు. మూడు పలికాయి. నాలుగోదాని కోసం వాల్వు నొక్కి స్లైడు చాపాను, ఇంకా చాపాను. అది కాస్తా ఊడి నేల మీద పడింది.

"ఇస్సే నహీ సంభల్తా" అంటూ ఆ అబ్బాయి పకపకా నవ్వాడు. నాకు చేతకాదట! మాస్టారూ నవ్వారు. తాతయ్య నా వైపు చూడనైనా లేదు. తల కొట్టేసినట్టయింది.

తాతయ్య స్లైడు తొడిగి వాడికి అందించారు. వాడు రొమ్ము విరుచుకుని అదే స్వరానికి చెయ్యి చాపాడు. ఈసారి స్లైడు ప్రిన్సిపాల్ బూటు మీద పడింది. ఒక్క వాల్వుతో ఆ స్వరానికి గొట్టమే చాలదని, ఎవరి చేతికిచ్చినా ఇదే జరుగుతుందని అప్పుడు చెప్పారు తాతయ్య. రెండు వాల్వులదే కొన్నారు. మిగతా మూడు స్వరాలూ పలికించాను గనక నాకే ఇచ్చారు.

ఇంటికొచ్చాక, ముందు వాడికే ఇవ్వొచ్చుగా అని ఏడ్చాను. "వాడు పడేస్తే, వాడికే రానిది ఆడపిల్లకేం వస్తుందని పరీక్ష అక్కడితో ఆపేసేవాళ్లే. నువ్వు పడేశావు గనకే వాడు ఎగబడ్డాడు" అన్నారు తాపీగా. నేను ఎరనన్నమాట! వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నీకు చేతకాదని ఎవరన్నా సరే, ముందు చేతిలోని పనిముట్టును తిప్పి చూస్తాను. ఆ బుద్ధి ఆయన పెట్టిందే, కాదనను. కానీ సంగతి ముందే నా చెవిన వేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? నాకు అరవై దాటినా, ఆయన ఫొటో ముందు నిలబడి అదే అడిగి పోట్లాడుతుంటాను.